ఉప్పు లోపల మిగలకూడదు: బోటు మోటారు సంరక్షణ, మరమ్మతు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మోటార్లు బాగు చేసుకోవడానికి ఇంతకంటే మంచి కాలం లేదు. కానీ భీమిలిలో గోస్తని మొగకు దగ్గరగా ఉన్న నా షెడ్డుకు మోటార్లు వరుస కట్టేది ఏప్రిల్‌లో కాదు, జూన్ రెండో వారంలో. అప్పటికి రెండు నెలలుగా టార్పాలిన్ కింద పడి ఉన్న మోటారు లోపల ఉప్పు గట్టిపడి, కార్బ్యురేటర్‌లో పెట్రోలు జిగురై, బోల్టులు అల్యూమినియంలో పాతుకుపోయి ఉంటాయి. ఏప్రిల్ 15న అరగంటలో అయ్యే పని జూన్ 10న రెండు రోజులు పడుతుంది. ఖర్చు సంగతి చెప్పనక్కరలేదు. అందుకే ముందుగా ఈ మాట: వేట ఆగిన రోజునే మోటారు పని మొదలు పెట్టండి.

నేను రాసేది ప్రధానంగా ఫైబర్ తెప్పల వెనక బిగించే 8 నుంచి 10 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ పెట్రోలు మోటార్ల గురించి. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి అవే. పెద్ద మోటార్లకు, ఫోర్ స్ట్రోక్ వాటికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. ఫోర్ స్ట్రోక్‌లో మాత్రం ఇంజన్ ఆయిలు విడిగా ఉంటుంది, దాన్ని విడిగా మార్చాలి. కొలతల విషయంలో మీ మోటారుతో వచ్చిన పుస్తకం ఏం చెబితే అదే చివరి మాట.

ఇన్నేళ్ళుగా మోటార్లు విప్పి చూస్తున్న నాకు ఒక సంగతి స్పష్టంగా అర్థమైంది. ఈ మోటారుకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం నీళ్ళ దగ్గరే పుడతాయి. నీళ్ళు తిరగాల్సిన చోట తిరగకపోవడం ఒకటి, చేరకూడని చోట చేరడం రెండోది. గేర్ ఆయిల్లో నీళ్ళు, పెట్రోల్లో నీళ్ళు, సిలిండర్లో నీళ్ళు రెండో రకం. చల్లబరిచే దారుల్లో నీళ్ళు లేకపోవడం మొదటి రకం. ఏ మోటారు ముందు కూర్చున్నా నేను ముందు వేసుకునే ప్రశ్న, నీళ్ళు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి అని.

కడగడం

సముద్రపు నీటినే పీల్చుకుని, సిలిండర్ల చుట్టూ తిప్పి, మళ్ళీ సముద్రంలోకే వదిలే యంత్రం ఇది. ఇంజను ఆపగానే ఆ దారుల్లో మిగిలిన తడి ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. మర్నాడు మళ్ళీ అదే. రోజుకు పలచని పొర చొప్పున పేరుకుని, ఒక ఏడాదిలో దారి సగానికి సగం మూసుకుపోవడం నేను చాలాసార్లు చూశాను. దీన్ని ఆపే మందు ఒక్కటే, మంచినీళ్ళు.

ఒక ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకోండి. దాని అంచుకు గట్టి చెక్క బిగించి మోటారును తగిలించండి. నీటి మట్టం ప్రొపెల్లర్‌కు పైన పళ్ళెంలా అడ్డంగా ఉండే రేకును దాటి ఉండాలి. నీళ్ళు పీల్చే జాలి రంధ్రాలు ఆ రేకు కిందే ఉంటాయి కాబట్టి అవి పూర్తిగా మునుగుతాయి. ప్రొపెల్లర్ విప్పి పక్కన పెడితే మంచిది, డ్రమ్ములో నీళ్ళు చిమ్మవు, చేతికీ ప్రమాదం ఉండదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి స్టార్ట్ చేసి, నెమ్మది వేగం మీద పది నిమిషాలు నడవనివ్వండి. రెండు నిమిషాలకే ఆపేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. చాలా మోటార్లలో థర్మోస్టాట్ ఉంటుంది. ఇంజను వేడెక్కి అది తెరుచుకుంటే తప్ప మంచినీళ్ళు సిలిండర్ చుట్టూ ఉన్న దారుల్లో సరిగా తిరగవు. రెండు నిమిషాలు కడిగితే కడిగినట్టు కనిపిస్తుంది, అంతే.

పక్కవాళ్ళ మోటారు కూడా అదే డ్రమ్ములో పెడుతుంటే నీళ్ళు మార్చండి. మొదటి మోటారు వదిలిన ఉప్పు అందులోనే ఉంటుంది. తీరాన ఉండే మనం ఇంకొకటి చూసుకోవాలి. సముద్రానికి దగ్గరలో వేసిన బోర్లలో చాలా చోట్ల నీళ్ళు ఉప్పగానే వస్తాయి. ముందు నాలుక మీద ఒక చుక్క వేసుకుని చూడండి. ఉప్పగా తగిలితే కుళాయి నీళ్ళు పట్టుకోండి. మూసిన గదిలో మాత్రం మోటారు నడపవద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

పై మూత తీసి ఇంజను మీద పైపుతో నీళ్ళు కొట్టే అలవాటు మానండి. కార్బ్యురేటర్ గాలి పీల్చే నోట్లోకి నీళ్ళు పోతాయి. తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో మళ్ళీ తుడిచి, తుప్పు పట్టకుండా వాడే స్ప్రే పలచగా కొట్టండి. చోక్ కడ్డీలు, థ్రాటిల్ కేబుల్ చివరలు, బిగింపు మరలకు నీటిని తట్టుకునే మెరైన్ గ్రీజు రాయండి.

ధార ఆగితే

ఇంజను నడుస్తుండగా వెనక నుంచి సన్నటి నీటి ధార ఒకటి బయటికి చిమ్ముతుంది. పంపు పని చేస్తోందని చెప్పే గుర్తు అది. ఒడ్డు వదిలిన వెంటనే దాన్ని చూడడం మీకు అలవాటు కావాలి. ధార లేకపోతే వెంటనే ఇంజను ఆపండి. ఇంకొంచెం దూరం పోదాం అనుకుంటే పిస్టన్ సిలిండర్‌కు అతుక్కుంటుంది. అప్పుడది బాగుచేత కాదు, కొత్త ఇంజనుకు పెట్టే ఖర్చులో పెద్ద వాటా.

ఇంజను ఆపి, మొదట ధార వచ్చే రంధ్రంలో సన్నటి తీగ పెట్టి కదపండి. ఇసుక రేణువో ఉప్పు గడ్డో అడ్డుపడి ఉండవచ్చు. తర్వాత కింద జాలి చూడండి, ప్లాస్టిక్ సంచీ ముక్కలు అక్కడ అతుక్కుంటాయి. రెండూ శుభ్రంగా ఉండి ఇంకా ధార రాకపోతే, పంపులోని ఇంపెల్లర్ చూడాల్సిందే.

ఇంపెల్లర్ అంటే రబ్బరు రెక్కల చక్రం. నీటితోనే దానికి కందెన. నీళ్ళు లేకుండా కొన్ని సెకన్లు తిరిగినా రెక్కలు కాలిపోతాయి. ‘పలుకుతుందో లేదో చూద్దాం’ అని ఇసుక మీద నిలబెట్టి స్టార్ట్ చేసే పద్ధతి వల్ల పాడైన ఇంపెల్లర్లు నా షెడ్డులో డబ్బా నిండా ఉన్నాయి. మన తీరంలో ఇంకో కష్టం కూడా ఉంది. అలల మధ్య నుంచి పడవను తోసేటప్పుడు మోకాలి లోతులోనే మోటారు దించి స్టార్ట్ చేస్తారు. అక్కడ అలలు ఇసుకను కలియబెడుతుంటాయి. ఆ ఇసుక నీళ్ళతో పాటు పంపులోకి పోయి రెక్కలనూ, వాటి చుట్టూ ఉన్న లోహపు గిన్నెనూ గీరేస్తుంది. ఇంకాస్త లోతుకు తోసి దించండి. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇసుక తగలక ముందే ఎత్తండి.

రోజూ వేటకు పోయే మోటారుకు ఇంపెల్లర్‌ను ఏటా మార్చాలి. బాగానే ఉన్నట్టు కనిపించినా మార్చాలి. మార్చే తీరు ఇది.

ముందు ప్లగ్గు క్యాపులు పీకేయండి, ఇంజనును వెంటనే ఆపే కిల్ స్విచ్ క్లిప్పు తీసేయండి. చెయ్యి పెట్టి తిప్పేటప్పుడు ఇంజను పలకకూడదు. గేరు ఏ స్థానంలో ఉందో గుర్తు రాసుకోండి. గేరు కడ్డీని కలిపే నట్టు వదులు చేయండి. కింది గేర్ కేసును పైభాగానికి పట్టి ఉంచే బోల్టులు తీయండి. ఉప్పుకు పట్టేసిన బోల్టు మీద ఒకేసారి బలం వాడితే తల తెగుతుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేయండి, మర్నాడు పానాతో కొంచెం బిగించి కొంచెం వదులు చేస్తూ కదిలించండి. బోల్టులన్నీ వచ్చాక కూడా కేసు దిగకపోతే చెక్క సుత్తితో నాలుగు వైపులా తట్టండి. అతుకు మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించవద్దు, అక్కడ పడిన గాటు మళ్ళీ పూడదు.

కేసు దిగాక పొడవాటి షాఫ్ట్ చుట్టూ పంపు కనిపిస్తుంది. దాని బోల్టులు తీసి, గిన్నెను షాఫ్ట్ వెంట పైకి లాగండి. ఇంపెల్లర్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే చిన్న లోహపు కీ ఒకటి ఉంటుంది. కింద ముందుగానే తెల్ల గుడ్డ పరచండి, ఇసుకలో పడితే ఆ కీ దొరకదు.

ఇప్పుడు పాత ఇంపెల్లర్‌ను వెలుతురులో చూడండి. రెక్కలు ఒక పక్కకే వంగి అలాగే ఉండిపోయాయా, మొదట్లో చీలికలున్నాయా, రబ్బరు గట్టిపడిందా? రెక్క ఒకటి విరిగి లేకపోతే మాత్రం పని అక్కడితో అయిపోదు. ఆ ముక్క ఎక్కడో పైన నీటి దారిలో ఉంది. నీటి గొట్టంలో, థర్మోస్టాట్ దగ్గర వెతికి దాన్ని బయటికి తీయాలి. అలా తీయకుండా కొత్త ఇంపెల్లర్ బిగిస్తే ధార బలంగానే రావచ్చు, ఒక సిలిండర్ మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది. ఈ ఒక్క అజాగ్రత్త వల్ల పోయిన ఇంజన్లను చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

గిన్నె లోపలి గోడ మీద, కింద ఉండే పలుచని ప్లేటు మీద వేలితో తడిమి చూడండి. గోరుకు తగిలేంత గాట్లుంటే అవి కూడా మార్చాలి. గీతలు పడిన గిన్నెలో కొత్త రబ్బరు ఎక్కువ కాలం నిలవదు.

కొత్తది ఎక్కించే ముందు రెక్కలకు సబ్బు నీళ్ళు గానీ, నీటిని తట్టుకునే గ్రీజు పలచగా గానీ రాయండి. కీ పెట్టి ఇంపెల్లర్‌ను దించండి. గిన్నెను కిందికి నొక్కుతూ షాఫ్ట్‌ను పై నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పండి. రెక్కలు సరైన దిశలో వంగుతాయి. కొత్త గాస్కెట్ వేసి బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. షాఫ్ట్ పళ్ళకు పక్కల గ్రీజు రాయండి గానీ, షాఫ్ట్ పై కొన మీద గ్రీజు ముద్ద పెట్టకండి. అది పైన చిక్కుకుని షాఫ్ట్‌ను పూర్తిగా కూర్చోనివ్వదు. కేసును ఎత్తేటప్పుడు నీటి గొట్టం తన రబ్బరు నోట్లోకి సరిగా దిగిందో లేదో తప్పక చూడండి. పళ్ళు కలవకపోతే ఇంజను పైన ఉండే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్‌ను కొంచెం తిప్పితే కలుస్తాయి. బోల్టులు బిగించి కేసును బలవంతంగా పైకి లాగాలని చూడవద్దు. చివరిగా గేరు కడ్డీ కలిపి, ముందుకీ వెనక్కీ న్యూట్రల్‌కూ పడుతోందో చేత్తో చూసి, డ్రమ్ములో నడిపి ధార చూడండి.

ఇంపెల్లర్ కొనేటప్పుడు ధర చూసి తొందరపడవద్దు. కొట్టులో ఏళ్ళ తరబడి పడి ఉన్న రబ్బరు, పేరు లేని నకిలీ రబ్బరు చేత్తో వంచితేనే తెలిసిపోతాయి. వంచి వదిలినప్పుడు రెక్క వెంటనే నిటారుగా నిలబడాలి.

కొత్త ఇంపెల్లర్ తరువాత కూడా ధార బలహీనంగా ఉంటే పై దారుల్లో ఉప్పు ఉందని అర్థం. థర్మోస్టాట్ మూత విప్పి, పేరుకున్నది చెక్క పుల్లతో గీరండి. థర్మోస్టాట్‌ను వెనిగర్‌లో నానబెట్టి కడిగి, ఒక గిన్నె నీళ్ళలో వేసి వేడి చేయండి. నీళ్ళు మరిగేలోపే అది తెరుచుకోవడం కళ్ళకు కనిపించాలి, లేకపోతే కొత్తది వేయండి. కొందరు థర్మోస్టాట్‌ను పీకి పారేసి నడుపుతారు. అలా నడిపితే ఇంజను ఎప్పుడూ చల్లగానే ఉండి ప్లగ్గులు మసిబారతాయి. ఇక మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో ఉప్పు వదిలించేవాళ్ళున్నారు. అది ఉప్పుతో పాటు అల్యూమినియంను కూడా తినేస్తుంది. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి.

గేర్ ఆయిలు, ప్రొపెల్లర్ వెనక దారం

మన దగ్గర గేర్ కేసులు పాడవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం వల దారం. తెగిన నైలాన్ దారం నీళ్ళలో తేలుతూ వచ్చి ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు చుట్టుకుంటుంది. బయట కనిపించే దారాన్ని కత్తితో కోసేసి అంతా అయిపోయిందనుకుంటారు. ఒక పోగు మాత్రం ప్రొపెల్లర్ వెనక్కి జారి ఆయిలు కారకుండా ఆపే ఆయిల్ సీలు అనే రబ్బరు వలయం మీద చుట్టుకుని, తిరిగినప్పుడల్లా సీలును కోస్తూ ఉంటుంది. సీలు కోసుకుపోయాక ఆయిలు బయటికి, ఉప్పునీళ్ళు లోపలికి పోతాయి. మీకు పైకి ఏమీ తెలియదు. ఒకరోజు గేరు పడదు.

కాబట్టి నెలకొకసారి ప్రొపెల్లర్ విప్పండి. కిల్ స్విచ్ క్లిప్పు, ప్లగ్గు క్యాపులు తీసిన తరువాతే చెయ్యి పెట్టండి. నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్ను నిటారు చేసి లాగి, నట్టు తీసి, వాషర్లు వచ్చిన వరుసలోనే గుడ్డ మీద పేర్చుకోండి. షాఫ్ట్ మీద దారం ఉంటే మొత్తం తీసేయండి. షాఫ్ట్‌కు మెరైన్ గ్రీజు రాసి తిరిగి బిగించండి, కాటర్ పిన్ను మాత్రం ప్రతిసారీ కొత్తదే వేయండి.

గేర్ ఆయిలు ప్రతి 100 గంటలకు, లేదా ఆరు నెలలకు ఒకసారి మార్చాలి. కొత్త మోటారుకైతే మొదటి మార్పు ఇంకా ముందే రావాలి. మోటారును నిటారుగా రాత్రంతా ఉంచి, పొద్దున్నే కింది స్క్రూ కొంచెం వదులు చేయండి. నీళ్ళుంటే ఆయిల్ కంటే ముందు నీళ్ళే కారతాయి. తరువాత పై స్క్రూ కూడా తీస్తే ఆయిలు పూర్తిగా దిగుతుంది. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయన్న మాట. కింది స్క్రూకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద లాంటి మెత్తటి ముద్ద కనిపించడం సహజం. వేళ్ళకు గుచ్చుకునే ముక్కలుంటే గేర్లు అరుగుతున్నాయి, విప్పి చూడాలి.

నింపేటప్పుడు చాలామంది పై రంధ్రం నుంచి పోస్తారు. అలా పోస్తే లోపల గాలి చిక్కుకుని సగమే నిండుతుంది. కింది రంధ్రానికి ట్యూబు పెట్టి, పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా ఆయిలు కారే దాకా ఎక్కించండి. ముందు పై స్క్రూ బిగించి, తర్వాత ట్యూబు తీసి వెంటనే కింది స్క్రూ బిగించండి. పైది మూసి ఉంటుంది కాబట్టి కింద ఎక్కువ కారదు. రెండింటికీ కొత్త వాషర్లు వేయాలి. ఒక్కో వాషరు ధర చాలా తక్కువ, దాన్ని ఆదా చేసి గేర్ కేసు పోగొట్టుకోవద్దు. ఆయిలు పాలలా వచ్చిందని తెలిసి కొత్త ఆయిలు పోసి ఊరుకుంటే ఉపయోగం లేదు. సీలు మార్చాలి.

పెట్రోలు

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. రోడ్డు మీద బండికి దాని సంగతి వేరు, సముద్రం పక్కన వేరు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తీరంలో తేమకు లోటు లేదు. ఒక హద్దు దాటాక ఆ నీళ్ళు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కు చేరతాయి. మనం కలిపిన టూ స్ట్రోక్ నూనె మాత్రం పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. ఇంజనుకు ఇంధనం తీసుకునే గొట్టం అడుగునే ఉంటుంది. అంటే కందెన లేని నీళ్ళ మిశ్రమమే ముందుగా సిలిండర్‌లోకి పోతుంది. నిల్వ ఉంచిన డబ్బా పెట్రోలు మీద అనుమానం ఉంటే, అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి గంటసేపు కదపకుండా ఉంచండి. రెండు పొరలుగా గీత కనిపిస్తే ఆ పెట్రోలు వాడవద్దు.

కలిపిన పెట్రోలు నెల రోజులకు మించి ఉంచకండి. వేట నిషేధానికి ముందు ట్యాంకు ఖాళీ చేయండి. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు మెత్తబడి లోపల పొరలుగా ఊడతాయి, వాటిని మార్చండి.

నూనె పాళ్ళ సంగతికి వస్తే, చాలా పెట్రోలు మోటార్లకు 50 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. 24 లీటర్ల ట్యాంకుకు 480 మిల్లీలీటర్లు. కొత్త ఇంజను అలవాటు పడే మొదటి గంటల్లో దీనికి రెట్టింపు కలపాలని చాలా కంపెనీలు చెబుతాయి. కేరళ తీరంలో ఎక్కువగా కనిపించే కిరోసిన్ మోటార్లకు పాళ్ళు వేరు, అవి చూసి మనం కలపకూడదు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 (నీటితో చల్లబడే టూ స్ట్రోక్ మోటార్ల నూనెకు గుర్తు) అని ఉన్న నూనే కొనండి. పాత స్కూటర్లకు వాడే 2టీ నూనె గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసినది. దానిలోని బూడిద పదార్థం మన ఇంజన్లో పిస్టన్ మీదా ప్లగ్గు మీదా పేరుకుంటుంది. చేతి అంచనాతో పోయడం మానేసి కొలత గ్లాసు పెట్టుకోండి.

నాలుగైదు రోజులు పడవ తీయరని తెలిస్తే, డ్రమ్ములో కడగడం చివర పెట్రోలు గొట్టం ఊడదీసి ఇంజను దానంతట అది ఆగేదాకా నడవనివ్వండి. రెండు నెలల నిషేధానికైతే అది చాలదు, కార్బ్యురేటర్ గిన్నె అడుగున ఉండే స్క్రూ తీసి మిగిలిన చుక్కలు కూడా వదిలేయండి. ఇప్పటికే జిగురు పట్టిన కార్బ్యురేటర్‌ను విప్పితే, జెట్టు రంధ్రాల్లో తీగ పెట్టి పొడవవద్దు. వాటి కొలత చాలా సూక్ష్మంగా ఉంటుంది, కొంచెం పెద్దదైనా ఇంజను తీరు మారిపోతుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలితో ఊదండి.

ప్లగ్గుల గురించి క్లుప్తంగా: ఇటుక రంగు నుంచి లేత గోధుమ రంగు దాకా ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉంది. నల్లగా తడిగా ఉంటే నూనె ఎక్కువ, చోక్ ఇరుక్కుంది, లేదా నిప్పు రవ్వ బలహీనంగా ఉంది. తెల్లగా కాలినట్టుంటే వేడి ఎక్కువైంది, ధార సంగతి చూడండి. కంపెనీ చెప్పిన నంబరు ప్లగ్గే వేయండి. ముందు వేళ్ళతోనే మర ఎక్కించండి, పానా చివర్లో మాత్రమే.

జింకు దిమ్మ

గేర్ కేసు మీద, కొన్ని మోటార్లలో ప్రొపెల్లర్ పైన చిన్న రెక్క రూపంలో, తెల్లటి లోహపు ముక్క ఉంటుంది. ఉప్పునీరు మోటారు అల్యూమినియంను తినకుండా తాను ముందు కరిగిపోవడమే దాని పని. కాబట్టి అది అరుగుతుంటే ఆందోళన వద్దు, అరగకపోతేనే చూడాలి. దాని మీద రంగు వేస్తే పనిచేయడం ఆగిపోతుంది. సగం కరిగేలోపు మార్చండి. మెగ్నీషియం దిమ్మ మంచినీటి చెరువులకు పనికొస్తుంది, సముద్రానికి జింకు గానీ అల్యూమినియం గానీ కావాలి. బిగించే చోట లోహానికి లోహం శుభ్రంగా తగలాలి, తుప్పును గరుకు కాగితంతో తీసేయండి.

మోటారు మునిగితే

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని దాటిన తరువాత మునిగిన మోటార్లు మా దగ్గర కుప్పలుగా చేరాయి. నీళ్ళలోంచి తీసి, ఆరితే బాగవుతుందని ఎండలో పెట్టిన వాటిలో చాలావాటిని కాపాడలేకపోయాం. నీళ్ళలో ఉన్నంతసేపు తుప్పు మెల్లగానే సాగుతుంది. బయటికి తీసి గాలి తగిలిన గంటల్లో బేరింగుల మీద, క్రాంక్ మీద వేగంగా ఎక్కుతుంది.

పైకి తీసిన వెంటనే మంచినీళ్ళతో కడగండి. ప్లగ్గులు తీసి, ప్లగ్గు రంధ్రాలు కిందికి ఉండేలా పడుకోబెట్టి, ఫ్లైవీల్‌ను మెల్లగా చేత్తో తిప్పి నీళ్ళు కార్చండి. తిప్పేటప్పుడు గట్టిగా పట్టేసినా, ఇసుక గీరుకున్న శబ్దం వచ్చినా అక్కడే ఆపండి. నడుస్తుండగా మునిగిన ఇంజనులో కనెక్టింగ్ రాడ్ వంగి ఉండవచ్చు. దాన్ని పూర్తిగా విప్పాల్సిందే. సాఫీగా తిరిగితే, కార్బ్యురేటర్ విప్పి కడిగి ఆరబెట్టి, సిలిండర్లలోకి, కార్బ్యురేటర్ దారిలోకి టూ స్ట్రోక్ నూనె పోసి తిప్పండి. కరెంటు భాగాలను మంచినీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ట్యాంకులో కొత్త పెట్రోలు, కొత్త ప్లగ్గులు వేసి, వీలైతే రెండు మూడు గంటల్లోనే, కనీసం అదే రోజు స్టార్ట్ చేసి డ్రమ్ములో బాగా వేడెక్కేదాకా నడపండి. గేర్ ఆయిలు కూడా మార్చండి.

ఆ రోజు ఎవరూ దొరకకపోతే? మోటారును మంచినీళ్ళ డ్రమ్ములో పూర్తిగా ముంచి ఉంచండి. విన్నవాళ్ళకు వింతగా ఉంటుంది గానీ, గాలి తగలకుండా ఉంచడానికి అదే దారి.

నడి సముద్రంలో ఆగిపోతే

ముందు లంగరు వేయండి. గాలి, నీటి ప్రవాహం పడవను ఎటు తీసుకుపోతాయో తెలియకుండా ఇంజను మీద వంగి కూర్చోకూడదు. తర్వాత తేలికైనవి ముందు చూడండి. కిల్ స్విచ్ క్లిప్పు ఊడిందా? ట్యాంకు మూత మీద గాలి మర తెరిచి ఉందా? అది మూసి ఉంటే పెట్రోలు గొట్టంలోని రబ్బరు బుడ్డి లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. ఎంత పిసికినా బుడ్డి గట్టిపడకపోతే ట్యాంకు వైపు ఎక్కడో గాలి పీలుస్తోంది, గొట్టం బిగింపులు చూడండి. బుడ్డి మీది బాణం ఇంజను వైపే ఉండాలి. ప్రొపెల్లర్‌కు వల చుట్టుకుందా చూడండి. ఆ తర్వాతే ప్లగ్గులు మార్చండి. ఇంజను అరుస్తూ పడవ కదలకపోతే, చిన్న మోటార్లలో ప్రొపెల్లర్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే షియర్ పిన్ను విరిగి ఉంటుంది.

ఇవన్నీ అక్కడే చేయగలగాలంటే నీళ్ళు చొరని డబ్బాలో కొన్ని వస్తువులుండాలి: రెండు కొత్త ప్లగ్గులు, ప్లగ్గు పానా, కటింగ్ ప్లేయర్, కత్తి, కాటర్ పిన్నులు, షియర్ పిన్నులు, అదనపు కిల్ క్లిప్పు, సన్నటి తీగ, పొడి గుడ్డ, మీటరున్నర పొడవు గట్టి తాడు. స్టార్టర్ తాడు తెగితే పై కప్పు విప్పి ఆ తాడును ఫ్లైవీల్‌కు చుట్టి లాగవచ్చు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాకే లాగండి, ఇంజను పలికాక చొక్కా అంచు, చేతులు ఆ చక్రానికి దూరంగా ఉంచండి. తెడ్లు మాత్రం ఎప్పుడూ పడవలోనే ఉండాలి.

నిషేధ కాలంలో నిల్వ, తిరిగి తీయడం

కడిగి, కార్బ్యురేటర్ ఖాళీ చేసి, ప్లగ్గు రంధ్రాల్లో ఒక్కో చెంచా టూ స్ట్రోక్ నూనె పోసి, తాడు మెల్లగా రెండు మూడుసార్లు లాగి, ప్లగ్గులు తిరిగి బిగించండి. మోటారును నిటారుగా నిలబెట్టండి. పడుకోబెట్టక తప్పకపోతే లోపలి నీళ్ళు పూర్తిగా కారాక, పుస్తకంలో చెప్పిన పక్కకే పడుకోబెట్టండి, తల వైపు ఎత్తులో ఉండాలి. లేకపోతే కింద మిగిలిన నీళ్ళు పొగ దారి గుండా సిలిండర్లోకి పోతాయి. టార్పాలిన్ గట్టిగా బిగించి కట్టవద్దు, లోపల చెమట పట్టి తుప్పు ఎక్కుతుంది. నూలు గుడ్డ కప్పి గాలి ఆడే నీడలో ఉంచండి.

జూన్‌లో బయటికి తీసినప్పుడు కొత్త పెట్రోలు పోసి, మొదట డ్రమ్ములోనే నడపండి. నిల్వ ముందు పోసిన నూనె వల్ల కాసేపు దట్టమైన పొగ వస్తుంది, కంగారు పడవద్దు. ధార చూడండి, గేర్లు చూడండి. పడవకు ఎక్కించాక ప్రొపెల్లర్ పైన ఉండే ఆ పళ్ళెం రేకు పడవ అడుగు మట్టానికి సమంగా గానీ, ఒక అంగుళం కిందికి గానీ ఉండాలి. బిగింపు మరలను చేత్తో గట్టిగా తిప్పి, మోటారు నుంచి పడవలోని గట్టి కడ్డీకి ఒక తాడు కట్టండి. అలల కుదుపుకు మరలు వదులైనా మోటారు మీ చేతికే దొరుకుతుంది. అరగంట నడిచి వచ్చాక ఆ మరలను ఇంకోసారి బిగించండి.